చంటిపిల్లతో ఇంట్లో కుట్టుపని: వారానికి ఎన్ని జాకెట్లు ఒప్పుకోవచ్చు?

నల్గొండలో మా ఇంటి ముందు గదిలో మిషన్ వేసుకుని తొమ్మిదేండ్లు అవుతోంది. అప్పటికి బాబుకు ఏడు నెలలు. ఇప్పుడు వాడు నాలుగో తరగతి, వాడి తర్వాత పుట్టిన పాప అంగన్‌వాడీకి పోతోంది. ఇద్దరూ మిషన్ చప్పుడు వింటూనే పెరిగారు. ఇంట్లో ఉండి కుట్టుపని మొదలుపెడదామని చాలామంది చెల్లెళ్లు నా దగ్గరకు వస్తుంటారు. వాళ్లు మొదట అడిగేది ఏ మిషన్ కొనాలని. నేను మాత్రం పాప ఎప్పుడు పడుకుంటుంది, ఎంతసేపు పడుకుంటుంది అని అడుగుతాను. ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే.

మొదటి ఏడాది శ్రావణమాసం. వరలక్ష్మీ వ్రతం ముందు వారం వచ్చిన గిరాకీని వద్దనలేక పన్నెండు జాకెట్లు ఒప్పుకున్నాను. మూడో రోజు బాబుకు జ్వరం పట్టుకుంది, రెండు రాత్రులు వాడిని భుజాన వేసుకునే తిరిగాను. నాలుగు జాకెట్లు ముట్టుకోనే లేదు. అందులో ఒకటి మరుసటి రోజు పెళ్లికి పోవాల్సిన ఆమెది, నకిరేకల్ నుంచి వచ్చింది. ఒక్క మాట అనలేదు. బట్ట కవర్లో పెట్టుకుని వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఆ రోజు బాబు మీద కూడా విసుక్కున్నాను, అది ఇంకా బాధ. ఓపిక లేక అట్ల అయిందని చాలా రోజులు అనుకున్నాను. నిజానికి తప్పు లెక్కలో ఉంది. బిడ్డ ఇచ్చే గంటలు ఎన్నో చూసుకోకుండా పని ఒప్పుకున్నాను. కింద రాసినదంతా ఆ లెక్క సరిచేసుకునే దారి.

మొదటి అడుగు: గంటలు లెక్కపెట్టండి

ఒక వారం పాటు కొత్త ఆర్డర్ తీసుకోకుండా, నోటుబుక్కులో రోజూ ఖాళీ దొరికిన సమయం రాయండి. అరగంటకు తక్కువ దొరికితే రాయొద్దు. పది నిమిషాల ఖాళీలో మిషన్ ముందు కూర్చుంటే దారం ఎక్కించి, ఎక్కడ ఆపామో వెతుక్కునేసరికి బిడ్డ లేస్తుంది.

పాపకు ఏడాది ఉన్నప్పటి నా లెక్క చూడండి. మధ్యాహ్నం నిద్ర గంటన్నర. సాయంత్రం అత్తమ్మ పాపను ఎత్తుకుని వాడకట్టులో తిరిగే టైమ్ అరగంట. రాత్రి పాప పడుకున్నాక ఒక గంట. మొత్తం మూడు గంటలు. వారానికి ఆరు రోజులకు 18 గంటలు. అందులోంచి నాలుగో వంతు తీసేయండి. చుట్టాలు వస్తారు, జలుబు చేస్తుంది, కరెంటు పోతుంది, పళ్లు వచ్చేటప్పుడు పాప అసలు పడుకోదు. తీసేస్తే పదమూడున్నర గంటలు మిగులుతాయి. మీ చేతిలో నిజంగా ఉన్నది అంతే.

రాత్రి పన్నెండు దాకా కుడతానంటారు కొందరు. నేనూ కుట్టాను. పాలిచ్చే తల్లికి రాత్రి మళ్లీ రెండుసార్లు లేవాల్సి ఉంటుంది. అట్ల నెల రోజులు గడిస్తే కటింగ్‌లో తప్పులు వస్తాయి, ఒక్క పట్టు బట్ట పాడైతే ఆ నెల సంపాదన అందులోనే పోతుంది. అందుకే రాత్రి పది గంటలకు మిషన్ మీద గుడ్డ కప్పేస్తాను.

ఆరు నెలల లోపు బిడ్డ ఉంటే

ఈ లెక్క మీకు ఇప్పుడే పనికిరాదు. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప వేరే ఏదీ, నీళ్లు కూడా, పెట్టొద్దని డాక్టర్లు, ఆశా కార్యకర్తలు చెప్తారు. అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగుతుంది. అంటే రాత్రీ పగలూ ప్రతి రెండు మూడు గంటలకు ఒకసారి. దాని మధ్యలో డేట్ ఇచ్చి జాకెట్ కుట్టడం టెన్షన్ కొనితెచ్చుకోవడమే. ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌కు చూపించుకుని, సరేనన్నాకే పెడల్ తొక్కాలి. చేతులు ఊరుకోకపోతే, ఇంట్లో బిడ్డను పట్టుకునేవాళ్లు ఉంటే, వారానికి రెండు మూడు చీరల ఫాల్స్ చాలు.

ఈ నెలల్లో మీ తిండి ముఖ్యం. తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో పూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తున్నారు. నామోషీ అనుకుని పోకుండా ఉండేవాళ్లను చూశాను. పోండి. ఏడో నెల వచ్చాక బిడ్డకు బాలామృతం అక్కడే ఇస్తారు. మూడేండ్లు నిండాక అదే అంగన్‌వాడీ మీకు ఉదయం పూట పెద్ద ఆసరా అవుతుంది.

రెండో అడుగు: ఒక్కో పనికి ఎంతసేపు పడుతుంది

ఫోన్‌లో టైమ్ పెట్టుకుని మూడు లైనింగ్ జాకెట్లు కుట్టి చూడండి. అందాజాగా చెప్పుకుంటే మనం ఎప్పుడూ తక్కువే చెప్పుకుంటాం. నేను గంటన్నరలో అయిపోతుందని అనుకునేదాన్ని. కొలిచి చూస్తే ఆది జాకెట్ కొలతలు తీసి, లైనింగ్ తడిపి ఆరేసినది ఇస్త్రీ చేసి, గీసి కట్ చేయడానికి 40 నిమిషాలు. మిషన్ మీద గంటన్నర. హుక్స్, కాజాలు, చేతి హెమ్మింగ్‌కు 30 నిమిషాలు. అన్నీ కలిపి 160 నిమిషాలు.

పదమూడున్నర గంటలంటే 810 నిమిషాలు. 160తో భాగిస్తే ఐదు. వారానికి ఐదు లైనింగ్ జాకెట్లు నా సత్తా. నేను ఆ శ్రావణంలో ఒప్పుకున్నది పన్నెండు.

ఈ ఐదు అన్న అంకెను మిషన్ పక్కన గోడ మీద రాసి పెట్టుకోండి. ఆరో మనిషి వచ్చినప్పుడు మొహమాటం కన్నా ముందు కన్ను ఆ అంకె మీద పడాలి. “అక్కా, ఈ వారం నిండింది, వచ్చే మంగళవారం తర్వాత ఇస్తే మంచిగ కుట్టిస్తా” అంటే పోయేవాళ్లు తక్కువ. డేట్ తప్పితేనే పోతారు.

మూడో అడుగు: పనిని ముక్కలు చేయండి

జాకెట్ మొత్తం ఒకేసారి కూర్చుని కుట్టాలనుకుంటే చంటిపిల్లతో కుదరదు. కటింగ్‌కు నిశ్శబ్దం కావాలి. మిషన్ పనికి కాస్త ఆటంకం వచ్చినా పర్వాలేదు, కుట్టు ఆపి లేవొచ్చు. హెమ్మింగ్, హుక్స్, ఫాల్ ఎక్కడ ఆపినా నష్టం లేదు.

నేను మధ్యాహ్నం నిద్ర గంటన్నరలో కటింగ్ పెడతాను. రెండు మూడు జాకెట్లు ఒకేసారి గీసి కట్ చేసి, ఒక్కోదాన్ని దాని లైనింగ్‌తో, హుక్స్ కార్డుతో కలిపి ఒక్కో కవర్లో పెడతాను. రాత్రి గంటలో కవర్ తీస్తే నేరుగా కుట్టడమే. గద్వాల, నారాయణపేట చీరల జాకెట్లు మాత్రం ఎప్పుడూ రాత్రి కట్ చేయను. చేతుల మీదికి రావాల్సిన అంచు ఒక్కసారి తప్పు కోస్తే, అట్లాంటి ముక్క మళ్లీ దొరకదు. అలసిన కంటికి అంచు ఏ వైపు ఉందో కూడా తికమక అవుతుంది.

బిడ్డ మెలకువగా ఉండి పక్కనే ఆడుతుంటే సూది అసలు తీయొద్దు. ఆ టైమ్‌లో కొలతలు నోటుబుక్కులోకి ఎక్కించండి, గిరాకీకి ఫోన్ చేయండి, దారాలు రంగుల వారీగా సర్దండి. అట్ల కూడా రోజుకు అరగంట కలిసివస్తుంది.

నాలుగో అడుగు: గది

దీని గురించి ఎక్కువ రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. బాబు పాకేటప్పుడు ఒకరోజు నోరు కదుపుతున్నాడు. వేలు పెట్టి చూస్తే జాకెట్ హుక్. మింగలేదు, మా అదృష్టం. ఆ రాత్రే గది మొత్తం మార్చాను.

పాకే బిడ్డ ఉన్న ఇంట్లో మిషన్ గదికి గడప దగ్గర అడ్డం ఉండాలి. మేము మోకాలి పైకి వచ్చే చెక్క పలక పెట్టించాం. ఉయ్యాల ఆ గదిలో కాకుండా, మీరు కూర్చుంటే కనపడే పక్క గదిలో కట్టండి. హుక్స్, గుండీలు, పూసలు, కుందన్లు మూత గట్టిగా పట్టే డబ్బాల్లో, మీ భుజం ఎత్తున్న గూట్లో ఉండాలి. గుండుసూదులకు అయస్కాంతం ఉన్న గిన్నె వాడండి. పని అయ్యాక పెద్ద అయస్కాంతాన్ని నేల మీద ఒకసారి తిప్పితే కిందపడ్డవి దొరుకుతాయి. మొదటి వారం నాకు పదకొండు సూదులు దొరికాయి.

మోటార్ మిషన్ ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. కాలి పెడల్ నేల మీద ఉంటుంది, బిడ్డకు అది ఆటబొమ్మ. అరచేత్తో నొక్కితే చాలు, పైన సూది నడుస్తుంది. లేచిన ప్రతిసారీ స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గే పీకేయండి. ఇస్త్రీపెట్టె వైరు కిందికి వేలాడకూడదు, వాడాక అది గూట్లోనే చల్లారాలి.

ఎప్పుడైనా సూదో హుక్కో మింగిందని అనుమానం వస్తే కక్కించొద్దు. అరటిపండు పెడితే జారిపోతుందని పెద్దవాళ్లు అంటారు, అది కూడా పెట్టొద్దు. ఏమీ తినిపించకుండా వెంటనే ఆస్పత్రికి పోవాలి, ఎక్స్‌రే తీసి చూస్తారు. ఊపిరి ఆడకపోతే 108.

గిరాకీని లోపలికి పిలవకుండా వరండాలో రెండు కుర్చీలు వేయండి. పడుకున్న బిడ్డ లేవదు, మాటలు కూడా తొందరగా ముగుస్తాయి.

ఐదో అడుగు: డేట్, క్యాలెండర్

“ఎల్లుండి ఇస్తా” అన్న మాట మానేయండి. కుట్టడానికి ఎంత పడుతుందో దానికి మూడు రోజులు కలిపి డేట్ చెప్పండి. ఆ మూడు రోజులు బిడ్డవి. జ్వరం రాకపోతే ముందే ఇచ్చేస్తారు, గిరాకీ సంతోషిస్తుంది. చీటీ రాయండి: పేరు, ఏ పని, డేట్, అడ్వాన్స్. సగం అడ్వాన్స్ తీసుకోనిదే కత్తెర పెట్టొద్దు.

గోడ క్యాలెండర్ మీద బిడ్డ పనులు ముందు రాయండి, తర్వాతే గిరాకీ డేట్లు. టీకాలు పుట్టగానే, తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలు నిండాక, 16 నుంచి 24 నెలల మధ్య, ఐదేండ్లకు ఉంటాయి. మా దగ్గర ఏఎన్ఎం టీకాలు వేసేది బుధ, శనివారాలు. టీకా వేసిన రాత్రి బిడ్డ నలతగా ఉంటుంది, కాబట్టి ఆ రోజుకు, మరుసటి రోజుకు ఏ డెలివరీ పెట్టుకోవద్దు.

ఇక సీజన్ సంగతి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, పని పలచబడుతుంది. మూఢం వచ్చినా అంతే. ఆ రోజుల్లో కంగారుపడి రేటు తగ్గించకండి. పిల్లలతో తల్లిగారింటికి పోయి రావడానికి, మిషన్ సర్వీసింగ్‌కు అదే టైమ్. శ్రావణం మొదలైతే వ్రతాలు, పెళ్లిళ్లు. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు ప్రతి ఆడబిడ్డకూ కొత్త జాకెట్ కావాలి. బతుకమ్మ ఆర్డర్లు నేను పండుగకు నెల ముందు నుంచి తీసుకుంటాను, వారం ముందు ఆపేస్తాను. ఆ చివరి వారం పాప చేతిలో తంగేడు పూలు పెట్టి నేర్పాల్సింది నేనే కదా. మహబూబ్‌నగర్ వైపు ఉన్నవాళ్లకు దీపావళి తర్వాత కురుమూర్తి జాతర, మాకు మాఘంలో చెర్వుగట్టు జాతర. మీ ఊరి జాతర ఏదైతే అది రాసుకోండి, చుట్టాలు దిగేది అప్పుడే.

వేసవి ఒక్కటే కష్టం. మే నెలలో పెళ్లిళ్లు మస్తుగా ఉంటాయి, స్కూళ్లకు సెలవులు, పైన మా నల్గొండ ఎండ. ఆ నెల గోడ మీది ఐదును నాలుగు చేసేదాన్ని.

ఆరో అడుగు: ఇంట్లోవాళ్లు

“కొంచెం పాపను చూడండి” అంటే ఎవరికీ ఎంతసేపో తెలియదు. “అత్తమ్మా, ఐదు నుంచి ఐదున్నర దాకా పాప నీ దగ్గర ఉండాలె” అని గడియారం చూపించి చెప్పాను. అప్పటి నుంచి ఆమెకు అది తన పని అయింది, నేను ఐదున్నరకు ఖచ్చితంగా లేస్తాను. మాట నిలబెట్టుకోవాల్సింది రెండు వైపులా. మా ఆయనకు రాత్రి గిన్నెలు, బాబు హోంవర్క్. ఇవి అడగడానికి నాకు రెండేండ్లు పట్టింది. అడిగాక ఆయన, “ముందే చెప్పొద్దా?” అన్నాడు.

ఇంట్లో పట్టుకునేవాళ్లు లేనివాళ్లు అంకెను మూడుకు దించండి, తప్పులేదు. లేదా హుక్స్, హెమ్మింగ్ పక్కింటి వదినకు పీసుకింత అని ఇచ్చి చేయించుకోండి. నా లెక్కలో ఒక్కో జాకెట్‌కు అరగంట ఆదా అవుతుంది. ఊరికే చేయించుకోకండి, డబ్బులు ఇవ్వండి.

ఫోన్ కూడా ఇంట్లో మనిషి లెక్కే. వాట్సాప్ బిజినెస్ పెట్టుకుంటే, మీరు చెప్పిన టైమ్ దాటాక మెసేజ్ పెట్టినవాళ్లకు దానంతట అదే జవాబు పోతుంది. నాది రాత్రి ఎనిమిది. ఆ తర్వాత పిల్లలకు అన్నం, కథ.

ఏడో అడుగు: పైసలు

గంటకు ఎంత మిగులుతుందో చూసుకోనిదే ఏ పని మంచిదో తెలియదు. లైనింగ్ జాకెట్‌కు 350 తీసుకున్నారనుకుందాం. లైనింగ్ బట్ట 80, దారం, హుక్స్, కరెంటు, మిషన్ అరుగుదల అన్నీ కలిపి 40. మిగిలేది 230. 160 నిమిషాల పనికి గంటకు 86 రూపాయలు పడింది. చీరకు చేత్తో ఫాల్ వేస్తే 100 అనుకోండి, ఫాల్, దారం ఖర్చు 30. మిగిలిన 70 ముప్పావుగంట పనికి. గంటకు 93. చిన్న పని అని ఫాల్స్‌ను తీసిపారేస్తాం గాని చంటిపిల్ల తల్లికి అదే ఎక్కువ కలిసొచ్చింది, పైగా మధ్యలో ఎన్నిసార్లు లేచినా పాడవదు. మీ రేట్లు పెట్టి మీరు లెక్క వేసుకోండి.

ఉద్దెర వద్దు. వాడకట్టులో ముఖం చూసి ఇచ్చిన ఉద్దెర నా నోటుబుక్కులో ఇప్పటికీ ఉంది. చుట్టాలకు రేటు తగ్గించండి గాని పూర్తిగా ఊరికే కుట్టకండి, ఆ గంటలు మీ బిడ్డ దగ్గర నుంచి తీసుకున్నవి. కుట్టు డబ్బులకు వేరే బ్యాంకు ఖాతా తీసుకుని, క్యూఆర్ కోడ్ దానికే పెట్టండి. ఇంటి ఖర్చులో కలిసిపోతే మిగిలిందో లేదో ఎప్పటికీ తెలియదు.

సామాను కోసం హైదరాబాద్ బేగంబజార్‌కు పోవాలనిపిస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. బస్సు ఉచితమే, కానీ నల్గొండ నుంచి పోను వంద కిలోమీటర్లు, రాను వంద. ఒక రోజు పోయినట్టే. లైనింగ్, దారాలు మూడు నెలలకు సరిపడా తెచ్చేటట్టయితేనే పోతాను. మిగతాది మా ప్రకాశం బజార్‌లో రూపాయి ఎక్కువైనా తెచ్చుకుంటాను.

ఎనిమిదో అడుగు: కాగితాలు, అప్పు

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి. కుట్టుపనికి ఏడాదికి 20 లక్షల లోపు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, మనం దాని దరిదాపుల్లో లేము.

చేతివృత్తులవాళ్లకు కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. అందులోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. ఐదు నుంచి ఏడు రోజుల శిక్షణ, రోజుకు 500 స్టైపెండ్, పనిముట్లకు 15,000, ఆ తర్వాత కావాలంటే 5 శాతం వడ్డీకి లక్ష దాకా అప్పు, తీర్చడానికి 18 నెలలు. కుటుంబంలో ఒక్కరికే వస్తుంది, కాబట్టి ఎవరి పేరున పెట్టాలో ముందే ఇంట్లో మాట్లాడుకోండి. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటర్‌లో. శిక్షణ రోజుల్లో బిడ్డను ఎవరు పట్టుకుంటారో ఖాయం చేసుకున్నాకే పేరు ఇవ్వండి.

లక్ష అప్పు మాత్రం తొందరపడి తీసుకోకండి. 18 నెలల్లో కట్టాలంటే నెలకు దాదాపు 5,800 కిస్తీ. వారానికి ఐదు జాకెట్ల మీద మనకు మిగిలేది 1,150, నాలుగు వారాలకు 4,600. కిస్తీ కూడా వెళ్లదు. అప్పుడు అంకె ఐదు దాటించాలనిపిస్తుంది, మళ్లీ నా మొదటి శ్రావణమే. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్ర అప్పుల్లో శిశు కింద 50 వేల లోపు ఇస్తారు, పల్లెల్లో మహిళా సంఘం ద్వారా, పట్నంలో మెప్మా (పట్టణ పేదల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థ) సంఘాల ద్వారా కూడా అప్పు దొరుకుతుంది. ఏదైనా సరే, నెల మిగులులో మూడో వంతుకు మించని కిస్తీ వచ్చేంతే తీసుకోవాలన్నది నా పద్ధతి. నేను మొదటి మిషన్ పాతది, కాలితో తొక్కేది కొన్నాను. మోటార్ తర్వాత పెట్టించినా పెడల్ తీయించలేదు, కరెంటు పోయినప్పుడు అదే అక్కరకు వస్తుంది.

లెక్క మార్చాల్సిన రోజులు

గోడ మీది అంకె ఎప్పటికీ ఐదే కాదు. బిడ్డ పాకడం మొదలైనప్పుడు, మధ్యాహ్నం నిద్ర మానేసినప్పుడు, అంగన్‌వాడీకి పోయినప్పుడు మళ్లీ వారం రోజులు గంటలు రాసి చూడండి. నిద్ర మానేసిన నెలలో నా అంకె మూడుకు పడింది. అంగన్‌వాడీ మొదలయ్యాక ఎనిమిది అయింది. జూన్‌లో స్కూళ్లు తెరవగానే గంటలు పెరిగాయని ఆర్డర్లు ఎక్కువ ఒప్పుకోకండి. మొదటి రెండు వారాలు పిల్లలు ఏడుస్తారు, సగం రోజుకే ఇంటికి తీసుకురావాల్సి వస్తుంది, కొత్త నీళ్లకు జలుబు చేస్తుంది. పాత అంకెతోనే జూన్ గడిపి, జూలైలో మార్చండి.

మొన్న బాబు చాక్‌పీసుతో గోడ మీది ఎనిమిదిని దిద్దుతున్నాడు. “అమ్మా, పరీక్షల వారం ఆరు పెట్టవా?” అని అడిగాడు. ఆరు రాశాను.